పాలు పట్టిన నెలలు

మార్చి 3

అక్కకి,

నీ కంగారమ్మ రాసేది. కవరు లావుగా ఉందని భయపడకు, లోపల ఉన్నది ఫారం. ఇక్కడ అందరం బాగానే ఉన్నాం. నా ఒంటి సంగతి కింద రాస్తాను, ముందు ఫారం సంగతి విను.

బడిలో ఉద్యోగం అయిపోయాక ఇంట్లో ఊసుపోవడం లేదని రాశాను కదా, ఇప్పుడొక పని దొరికింది. ఇక్కడి ఆడవాళ్ళ ఆసుపత్రిలో నలభై అయిదు దాటిన వాళ్ళ ఆరోగ్యం మీద సర్వే చేస్తున్నారు. నేను ఇంటింటికీ వెళ్ళి ప్రశ్నలడిగి రాసుకోవాలి. నెలసరి ఎప్పుడు ఆగింది, నడుం ఎంత, బీపీ ఉందా, సుగర్ ఉందా, ఎంతమంది పిల్లలు, ఒక్కొక్కరికీ ఎన్ని నెలలు పాలిచ్చారు. నెలసరి ఆగడాన్ని ఫారంలో 'రుతువిరతి' అని అచ్చు వేశారు. నిన్న ఒకావిడ "విరతి అంటే సెలవా? మాకెవరిస్తారమ్మా సెలవు" అంది. నవ్వాపుకోలేక పెన్ను కింద పడేశాను.

సర్వే నడిపించే డాక్టరమ్మ మాకు రెండు రోజులు పాఠం చెప్పింది. "పాలు పట్టారా అని అడక్కండి, సీసాతో పట్టినవాళ్ళు కూడా అవునంటారు. మీ పాలు ఇచ్చారా అని సిగ్గుపడకుండా అడగండి" అంది. ఎక్కువ కాలం పాలిచ్చిన ఆడవాళ్ళకి ఈ వయసులో సుగరూ, నడుం చుట్టూ కొవ్వూ, గుండెజబ్బూ కొంత తక్కువగా కనిపిస్తున్నాయట. చాలా దేశాల్లో చూశారట.

ఆ మాట విన్న దగ్గర్నుంచి నా మనసు మనసులో లేదు. పోయిన నెల నా రక్తం చూసి సుగర్ అంచు దాకా వచ్చిందన్నారు. బండోడు పుట్టాక వాడికి నేను నాలుగు రోజులకి మించి పాలివ్వలేదు. అయిదో రోజుకల్లా జ్వరం ముదిరి ఆసుపత్రిలో పడ్డాను, బయటికొచ్చేసరికి పాలు ఎండిపోయాయి. ఇరవై ఆరేళ్ళ కిందటి ఆ లోటు ఇప్పుడొచ్చి నా నడుం చుట్టూ కూర్చుందా అక్కా?

సరే, ఫారం నింపి పంపు. జనాన్ని అడిగేముందు ఇంట్లోవాళ్ళతో అలవాటు చేసుకోమన్నారు. ఫోన్లో అడుగుదామంటే నీకు వినపడదు, నా గొంతు బొంగురుపోవడం తప్ప. నడుం బొడ్డు దగ్గర కొలవాలి, ఊపిరి బిగపట్టకూడదు.

కంగారమ్మ

మార్చి 11

కంగారమ్మా,

ఎనిమిది పేజీల ప్రశ్నలా? మీ బావగారు నన్ను చూడ్డానికి వచ్చినప్పుడు కూడా ఎవరూ ఇన్ని అడగలేదు. మిషన్ బల్ల మీద పెట్టుకుని ఒక జాకెట్టుకీ ఇంకో జాకెట్టుకీ మధ్య నింపాను. మూడో పేజీ మీద నూనె మరకుంది, ఏమనుకోవద్దని మీ డాక్టరమ్మకి చెప్పు.

నెలసరి ఆగి మూడేళ్ళు. ఆవిర్లు ఇప్పుడు తగ్గాయి. మొదట్లో అయితే ఇస్త్రీపెట్టె మింగినట్టు ఉండేది, కుట్టుతున్న గుడ్డ వదిలేసి వీధిలోకి పోయి నిలబడేదాన్ని.

మీ డాక్టరమ్మకి ఈ సర్వే ఎందుకు, నా కొలతల పుస్తకం చూస్తే సరిపోదా. పెళ్ళికి ముందు నుంచి నా దగ్గరే కుట్టించుకునే వాళ్ళున్నారు. నలభై ఏడూ నలభై ఎనిమిదేళ్ళ దాకా అటూ ఇటూగా ఒకటే కొలత, అక్కణ్ణుంచి చేతులు సన్నబడతాయి, నడుం పెరుగుతుంది. అందరిదీ అదే కథ. "నీ టేపు కుంచించుకుపోయింది, కొత్తది కొను" అని నా మీద విరుచుకుపడతారు. అందుకే నేను నోటితో చెప్పే కొలత ఒకటి, పుస్తకంలో రాసే కొలత ఒకటి. రెండంగుళాలు తగ్గించి చెప్తే వాళ్ళ ప్రాణం హాయిగా ఉంటుంది, రాసిన దాని ప్రకారం కుడితే జాకెట్టు సరిపోతుంది.

దాహం ఎక్కువా అన్నావు. ఎండలు ముదురుతున్నాయి, దాహం వెయ్యక ఏం చేస్తుంది. రాత్రి ఎన్నిసార్లు లేస్తారన్నావు. అన్ని నీళ్ళు తాగితే లేవరా. చూపు మసగ్గా ఉందా అన్నావు. యాభై అయిదేళ్ళొచ్చాయే నాకు, సూదిలో దారం ఎక్కించడానికి పక్క షాపు పిల్లని పిలుస్తున్నాను. మానని పుండు ఒకటుంది, నెల కిందట కత్తెర జారి ఎడమకాలి చిటికెనవేలు మీద పడింది. పెడల్ తొక్కుతుంటే ఎలా మానుతుంది?

పాలిచ్చిన నెలలు రాశాను. మీ డాక్టరమ్మ మాట నిజమైతే సుగర్ నా వీధిలోకి కూడా రాదు. నా బెంగ మానేసి నువ్వు పొద్దున్నే కాస్త నడువు.

మీ బావ మొన్నటి నుంచీ దూరపు రూటు బస్సు మీదే ఉన్నారు. వారానికి రెండ్రోజులు ఇంట్లో, ఆ రెండ్రోజులూ నిద్ర.

అక్క

మార్చి 19

అక్కకి,

నీ ఫారం మూడుసార్లు చదివాను. హడావిడిగా రాస్తున్నాను, అక్షరాలు వంకరపోతే సర్దుకో.

నాలుగో పేజీలో 'ఎన్ని నెలలు పాలిచ్చారు' అన్నచోట మొదటి గడిలో పదకొండు రాశావు. అది పాపకి. రెండో గడిలో పద్నాలుగు అని ఉంది. అక్కా, నీకున్నది ఒక్క పాపే కదా. ఈ పద్నాలుగు నెలలు ఎవరికి? నీకింకో బిడ్డ పుట్టి పోయాడా? నేను ఆసుపత్రిలో ఉన్నప్పుడో, ఉద్యోగానికి వెళ్ళిపోయాకో ఏదైనా జరిగి, నేను తట్టుకోలేనని మీరంతా దాచారా? పద్నాలుగు నెలలంటే నడిచే బిడ్డ. ఎలా దాచుకున్నావు అంత దుఃఖాన్ని? మేం అడగాల్సిన ప్రశ్నల్లో పోయిన పిల్లల గురించి కూడా ఒకటుంది. నువ్వు అక్కడ సున్నా పెట్టావు. ఆ సున్నా చూసి ఇంకా ఏడ్చాను.

రెండో సంగతి. నడుం ముప్ఫై నాలుగు అంగుళాలన్నావు. అది చెప్పే కొలతా, రాసే కొలతా?

మూడో సంగతి అన్నిటికన్నా ముఖ్యం. దాహం, రాత్రి లేవడం, మసకచూపు, నెల దాటినా మానని పుండు, ఈ నాలుగింటికీ 'అవును' అని వస్తే ఆ మనిషిని వెంటనే రక్తపరీక్షకి పంపాలి. ఇది మాకు చెప్పిన నియమం, నా చాదస్తం కాదు. పరగడుపున వెళ్ళి చూపించుకో. మీ వీధి చివరే లాబ్ ఉంది.

కంగారమ్మ

మార్చి 26

కంగారమ్మా,

నాకే బిడ్డా పోలేదు. రెండో గడి పొరపాటున రాశాను, కొట్టెయ్. ఇంక దాని గురించి నస పెట్టకు.

నడుం ముప్ఫై ఎనిమిది. ఊళ్ళోవాళ్ళకి రెండు తగ్గిస్తే నాకు నేను నాలుగు తగ్గించుకున్నాను, సొంతమనిషిని కదా.

బళ్ళు తెరిచే లోపల రెండొందల యూనిఫాంలు కుట్టి ఇవ్వాలి. పరగడుపున లాబ్ ముందు వరసలో కూర్చోడానికి నాకు తీరిక లేదు. వేలికి పసుపురంగు మందు రాస్తున్నాను. చెమ్మ మాత్రం ఆరడం లేదు, నొప్పి లేదు. నొప్పి లేనిదాన్ని పట్టుకుని డాక్టర్ దగ్గరికి ఎవరెళ్తారే?

పాలిచ్చినవాళ్ళకి రాదని రాసింది నువ్వే. మళ్ళీ నువ్వే పరీక్ష అంటావు. ఏదో ఒక మాట మీదుండు.

అక్క

ఏప్రిల్ 4

అక్కకి,

'రాదు' అని నేను రాయలేదు. 'కొంత తక్కువగా కనిపిస్తున్నాయట' అని రాశాను. నా ఉత్తరం తీసి చూడు. నువ్వు నా ఉత్తరాలు కూడా చెప్పే కొలతలోనే చదువుతావా?

నొప్పి లేకపోవడం మంచిది కాదట. సుగర్ ఉన్నవాళ్ళకి కాళ్ళలో స్పర్శ తగ్గుతుందట, అందుకే పుండు ముదిరినా తెలీదట. ఇది విన్నాక నాకు అన్నం దిగడం లేదు. నీకు రెండుసార్లు ఫోన్ చేశాను. రెండుసార్లూ "జాకెట్టు గురువారం ఇస్తాను" అని పెట్టేశావు.

ఆ రెండో గడి నేను కొట్టెయ్యలేకపోయాను. పెన్ను ఆనిస్తే ఎవరో పసివాణ్ణి రెండోసారి పోగొట్టినట్టు అనిపించింది. నువ్వు చెప్పవు కాబట్టి పాపకి ఫోన్ చేసి, నీకొక తమ్ముడు పుట్టాడా అని అడిగాను. దానికేమీ తెలీదంది. పెట్టేసేముందు దాని గొంతు మారిపోయింది. అడక్కుండా ఉండాల్సిందేమో, అడిగేశాను. తిడితే తిట్టు, పరీక్ష మాత్రం చేయించుకో.

కంగారమ్మ

ఏప్రిల్ 12

ఏమే,

నీకు బుద్ధుందా? పాప మొన్న ఫోన్ చేసి ఏదో అడిగింది. నాకు 'తమ్ముడు' అన్న ఒక్కమాట వినపడింది. బండోడి గురించి అడుగుతోంది కాబోలని "ఉన్నాడు కదే, బాగానే ఉన్నాడు" అన్నాను. అది గొల్లుమంది. "ఎక్కడున్నాడు, ఎవరికిచ్చేశావు" అంటుంది. మీ బావ బస్సు దిగి ఇంటికొచ్చేసరికి నేను ఫోన్ పట్టుకుని "ఎవర్ని ఎవరికిచ్చానే" అని అరుస్తున్నాను. ఆయన ఫోన్ లాక్కుని అరగంట సముదాయించాడు. నీ కంగారు ఇప్పుడు మా ఇంటిల్లిపాదికీ అంటుకుంది.

ఇంక దాస్తే నువ్వు ఊరందర్నీ అడిగేలా ఉన్నావు. చెప్తాను, కూర్చుని చదువు.

రెండో గడి బండోడిది.

అయిదో రోజు వాణ్ణి ఆసుపత్రి నుంచి నా చేతుల్లో పెట్టారు. నీ ఒళ్ళు కాలిపోతోంది, నీకు స్పృహ లేదు. సీసా పాలు పట్టాను, కక్కేశాడు. పలచగా చేసి పట్టాను, విరేచనాలు. మూడో రోజుకి ఏడవడానికి కూడా ఓపిక లేక పిల్లిపిల్లలా మూలిగాడు. పాపకి అప్పుడు పదకొండో నెల, నాకు పాలున్నాయి. ఏం ఆలోచించలేదే. వాణ్ణి తీసి రొమ్ముకి పెట్టుకున్నాను. ఆ రోజే కాస్త తేరుకున్నాడు.

నువ్వు కళ్ళు తెరిచి మొదట అడిగింది "వాడు తాగుతున్నాడా" అని. "పాలు పడుతున్నాను, తాగుతున్నాడు" అన్నాను. నువ్వు సీసా అనుకున్నావు. నేను కాదనలేదు. ఇద్దరికీ సరిపోక పాపని మాన్పించేశాను. వాణ్ణి నా దగ్గర ఉంచి నువ్వు ఉద్యోగంలో చేరాక శనివారం శనివారం తెచ్చిన పాలడబ్బాలన్నీ పాప తాగింది. వాడికి పద్నాలుగు నెలలు నిండి నువ్వు తీసుకెళ్ళేదాకా ఇచ్చాను. మీ పాలు ఇచ్చారా అని సిగ్గుపడకుండా అడగమంది మీ డాక్టరమ్మ అని రాశావు కదా, పెన్ను పట్టుకుంటే చెయ్యి దానంతట అదే రెండో గడిలోకి పోయింది.

ఇదీ సంగతి. పోయిన బిడ్డ ఎవడూ లేడు. ఇకనైనా తిండి తిను.

అక్క

ఏప్రిల్ 20

అక్కా,

నిన్నటి నుంచీ నీ ఉత్తరం చేతిలో పట్టుకుని తిరుగుతున్నాను. వాణ్ణి బతికించావు. దానికి నీ కాళ్ళమీద పడాలి. పడతాను. కానీ మనసులో ఒకటి గుచ్చుకుంటోంది, అది తీరేదాకా ఇంకేమీ రాయలేను.

నన్ను ఇంటికి పంపేటప్పుడు పెద్ద నర్సు ఏమందో నీకు గుర్తుందా? నువ్వు పక్కనే ఉన్నావు. "బిడ్డని రోజుకి పదిసార్లు రొమ్ముకి పెట్టు, పాలు మళ్ళీ రావచ్చు" అంది. నేను మీ వెనకగదిలో తొమ్మిది రోజులు ప్రయత్నించాను. వాణ్ణి నా దగ్గర పెట్టుకుంటే మొహం తిప్పేసేవాడు, రెండుసార్లు చప్పరించి నిద్రపోయేవాడు. పదో రోజు నువ్వే వచ్చి "సీసాకి అలవాటుపడ్డాడు, ఇక నీ దగ్గర పట్టుకోడు, ఒళ్ళు హూనం చేసుకోకు" అన్నావు. నేను నమ్మాను. నా రొమ్ముల్లోనే ఏదో లోపముంది కాబోలు అనుకున్నాను. ఇరవై ఆరేళ్ళుగా అదే అనుకుంటున్నాను.

ఇప్పుడు తెలిసింది, వాడికి సీసా అలవాటే లేదు. మరి నా దగ్గర ఎందుకు పట్టుకోలేదు?

నేను శనివారాలు వచ్చినప్పుడు నీ జాకెట్టు ముందుభాగం తడిసి ఉండేది. "నీళ్ళు ఒలికాయి" అనేదానివి. అది కూడా గుర్తొచ్చింది.

జవాబు రాయి. చెప్పే కొలత వద్దు.

చెల్లి

ఏప్రిల్ 29

చెల్లీ,

'కంగారమ్మ' అని సంతకం పెట్టలేదు నువ్వు. అది చూసి భయమేసింది.

అడిగావు కాబట్టి రాస్తున్నాను. వాణ్ణి నీ గదిలోకి పంపేముందు ప్రతిసారీ నేను కడుపునిండా ఇచ్చి పంపేదాన్ని. కడుపు నిండినవాడు నీ దగ్గరేం పట్టుకుంటాడు? మొహం తిప్పక ఏంచేస్తాడు?

మొదటి రెండ్రోజులూ నీ మీద జాలితోనే చేశాను, ఆకలితో ఏడిస్తే నువ్వు తట్టుకోలేవని. మూడో రోజు నుంచి జాలి కాదు. నువ్వు వాణ్ణి తట్టి లేపుతూ, బతిమాలుతూ ఉంటే నేను తలుపు అవతల నిలబడి, పట్టుకోకూడదు అనుకున్నాను. నాకు వాణ్ణి వదలబుద్ధి కాలేదు. పాప ఎప్పుడూ నన్ను అంత గట్టిగా పట్టుకోలేదు. వీడు వేళ్ళతో నా గాజులు పట్టుకుని తాగేవాడు. పదో రోజు నువ్వు ఓడిపోయి ఏడుస్తుంటే వీపు నిమిరింది నేనే, నీ ఓటమికి కారణమూ నేనే. నీకు మొహం చూపించలేకే, నువ్వు వెళ్ళిపోతానంటే ఉద్యోగం మంచిదే వెళ్ళు అన్నాను.

చేసింది తప్పని అప్పుడూ తెలుసు, ఇప్పుడూ తెలుసు. ఇన్నేళ్ళూ నిన్ను చూసినప్పుడల్లా ఎకసెక్కాలాడుతూ గడిపేశాను. నువ్వు నవ్వుతుంటే అడగవు కదా అని.

ఇంకొకటి. నీకు సుగర్ అంచు దాకా వచ్చిందన్నావు. ఆ పద్నాలుగు నెలలూ నీకు దక్కాల్సినవి, నేను లాక్కున్నాను. ఆ మంచి నా ఒంట్లోకి పోయింది, నీకు లేకుండా పోయింది. అందుకే నన్ను పరీక్ష చేయించుకోమని అడక్కు. సుగర్ లేదని వస్తే సిగ్గుతో చస్తాను. ఉందంటే నాకు కావాల్సిన శాస్తే అనుకుంటాను. రెండూ వినదలుచుకోలేదు. వేలు కొంచెం నల్లబడింది, వాసన వస్తోందని మీ బావ అంటున్నాడు. షాపు మూసి రెండ్రోజులైంది.

నువ్వు తిట్టినా సరే, రాయి.

అక్క

మే 3

అక్కా,

ఈ ఉత్తరం పోస్టులో వెయ్యడం లేదు. బండోడి చేతికిచ్చి పంపుతున్నాను. నీ ఉత్తరంలో 'నల్లబడింది' అన్న మాట దగ్గరే ఆగిపోయాను. తప్పులూ క్షమాపణలూ అన్నీ రాసి, కాలి సంగతి చివర్లో తోక తగిలించినట్టు రాశావే, నిన్నేమనాలి. వెంటనే వాడికి ఫోన్ చేశాను. వాడికి అంతా చెప్పాల్సి వచ్చింది. ఎందుకంత తొందర అంటే ఏం చెప్పను మరి, ఏడుస్తూ అన్నీ చెప్పేశాను. వాడు అంతా విని, "ఏ బస్సుకి వెళ్ళమంటావు" అన్నాడు.

ఈలోపల డాక్టరమ్మ గదికి పరిగెత్తాను. నీ పేరు చెప్పకుండా అడిగాను, పాతిక నెలలు పాలిచ్చిన మనిషికి సుగర్ రాదా అని. ఆవిడ కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది. "నేను చెప్పింది వేలమందిని పక్కపక్కన నిలబెట్టి చూస్తే కనిపించే తేడా అమ్మా. ఒక్క మనిషిని నిలబెట్టి ఈవిడకి వస్తుంది, ఈవిడకి రాదు అని ఎవరూ చెప్పలేరు. ఇచ్చినవాళ్ళకీ వస్తుంది, ఇవ్వనివాళ్ళు నిక్షేపంలా ఉంటారు. నడుం, వయసు, తిండి, వంశం, నెలసరి ఆగాక ఒంట్లో వచ్చే మార్పులు, అన్నీ కలిసి చేసే పని అది" అంది. పుండు నల్లబడిందనగానే "నువ్వింకా ఇక్కడెందుకు నిలబడ్డావు" అని నా మీద కేకలేసింది.

కాబట్టి విను. నువ్వు నా దగ్గర్నుంచి సుగర్ రాకుండా కాసే తాయెత్తేమీ లాక్కోలేదు. అలాంటిదేం లేదు. నువ్వు లాక్కున్నది వేరే. దాని సంగతి తర్వాత తేల్చుకుందాం. ఆ మొదటి ఉత్తరం నేను రాయకుండా ఉంటే నువ్వు ఎప్పుడో పరీక్ష చేయించుకునేదానివేమో అని తల బాదుకుంటున్నాను.

ఇది చదవడం అవగానే చెప్పులేసుకో. వాడు ఎలా చెప్తే అలా చెయ్యి. ఎదురు చెప్పావంటే నేను నీకు చెల్లెల్నే కాదు.

చెల్లి

మే 12

చెల్లీ,

ఆసుపత్రి మంచం మీంచి రాస్తున్నాను. అట్ట లేక అన్నం పళ్ళెం బోర్లించి రాస్తున్నాను.

వాడు ఇంటి తలుపు తీసుకుని లోపలికొచ్చాడు. "మీ అమ్మ చెప్పిందా" అన్నాను. "చెప్పింది" అన్నాడు. "కోపమా" అన్నాను. "ముందు కాలు చూపించు పెద్దమ్మా" అన్నాడు. నీ ఉత్తరం చదవనివ్వను కూడా లేదు, దారిలో చదువుకో అన్నాడు. మెట్లు దిగలేకపోతే ఎత్తుకున్నాడే. ఆ బండ వెధవకి నేనొక బరువా.

పరగడుపున సుగర్ మూడొందల పన్నెండు. వేలు తీసేశారు. ఇంకో వారం ఆగితే పాదమే పోయేదట. డాక్టరు ఆ మాట చాలా మామూలుగా చెప్పాడు, నేను కుట్టు విప్పాల్సి వస్తుందని చెప్పినంత మామూలుగా. నాకు సుగర్ కొన్నేళ్ళ నుంచే ఉండి ఉంటుందట. పాతిక నెలలని గర్వంగా రాసుకున్నాను కదా ఫారంలో, అప్పటికే ఉందన్నమాట.

ఇప్పుడు రోజుకి రెండు పూటలా ఇన్సులిన్ సూది. ఎవరికి వాళ్ళు పొడుచుకోవాలట. రోజంతా సూదితో బతికే దాన్ని, ఈ సూది పట్టుకుంటే చెయ్యి రావడం లేదు. నిన్న పొద్దున నర్సుని వద్దని పంపేశాను, సాయంత్రం కూడా వద్దన్నాను. మీ బావ బతిమాలాడు. పాప వచ్చింది, "నా పాలు ఆపి వాడికిచ్చావటగా" అని నవ్వింది, తర్వాత ఏడ్చింది, సూది పొడిపించుకోమని పోట్లాడింది. వాడు వచ్చిన దగ్గర్నుంచీ మంచం పక్కనే ఉన్నాడు. నా గురించి మంచీ అనడు చెడూ అనడు, నీళ్ళు అందిస్తాడు.

నాకు భయంగా ఉందే. ఈ మాట నీకెప్పుడూ రాయలేదు. చచ్చిపోతానని కాదు. ఇవన్నీ పొడుచుకుని, కుంటుకుంటూ ఇంకో ఇరవయ్యేళ్ళు నీ మొహం చూడకుండా బతకాలా అని. నువ్వు క్షమించానని ఒక్కమాట రాస్తే పొడిపించుకుంటాను. రాయలేకపోతే అది కూడా అర్థం చేసుకుంటాను. నీ ఇష్టం.

అక్క

మే 15

అక్కా,

నీ ఉత్తరం ఇప్పుడే అందింది. నిలబడే రాస్తున్నాను, బయట ఆటో ఆగి ఉంది. ఇది ఫోన్లో బండోడికి చదివి రాయిస్తాను, వాడు నీ చేతికిస్తాడు.

నా కొడుకుని బతికించావు కాబట్టి క్షమించాను అని రాద్దామని కాగితం తీశాను. రాయలేకపోయాను. ఆ తొమ్మిది రోజులు గుర్తొస్తున్నాయి. చన్నీళ్ళు మొహాన కొట్టుకుని మళ్ళీ వాణ్ణి ఒళ్ళో పెట్టుకోవడం, వాడు తల తిప్పేసుకోవడం. నేను ఏడిస్తే నువ్వు వీపు నిమరడం. ఆ చెయ్యి గుర్తొస్తే ఒళ్ళు మండుతోంది, ఆ చేత్తో సూది గుచ్చుకుంటున్నావో లేదో అని ప్రాణం కొట్టుకుంటోంది. ఈ రెండూ ఒకేసారి ఎలా ఉంటాయో నాకు తెలీదు, ఉన్నాయి.

అందుకని క్షమించానని రాయను. బేరం పెట్టి రాయించుకునేది కాదది. నీకు నిజం కావాలి కదా, నా కోపం ఇంకా మొదలే అయింది. ఇరవై ఆరేళ్ళది, రెండు వారాల్లో ఎలా అయిపోతుంది? నీతో తీరిగ్గా కూర్చుని అడగాల్సినవి బోలెడున్నాయి. అడుగుతాను, అరుస్తాను, నీకు వినపడకపోతే మళ్ళీ అరుస్తాను. ఏడాది పడుతుందో, పదేళ్ళు పడుతుందో. మధ్యలో నువ్వు పోతే నేను ఎవరి మీద అరవను? ఎవరిని క్షమించను?

నేను సాయంత్రానికి అక్కడుంటాను. అప్పటిదాకా ఆగక్కర్లేదు, నర్సుని పిలువు. పొద్దుటి సూది ఇప్పుడే వేయించుకో.

నీ కంగారమ్మ